తంగేడు పువ్వు అభ్యర్థి

లేని దేశానికి ప్రధాని కావాలని నేను ఒకసారి పోటీ చేశాను. ధర్మవరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి నాయనకూ నాకూ వంట చేసుకునే మనిషిని. చదువుకునే రోజుల్లో క్లాసు లీడరుగా కూడా నిలబడిందాన్ని కాదు.

ఇందులోకి నన్ను లాగింది పీజీలో నాతో చదివిన స్నేహితురాలు. ఆమె ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది. ఒక వేసవి సెలవుల్లో ఫోన్ చేసి, "నువ్వు పిల్లలకు చెప్పే పాఠాలన్నీ నిజంగా చేసి చూసేదానికి ఒక చోటుండాది, వస్తావా?" అని లింకు పంపింది.

అది ఇంటర్నెట్‌లో నడిచే ప్రభుత్వం ఆట. ఒక ఊహా దేశం. దానికి సముద్రం ఉంది, కొండలున్నాయి, జిల్లాలున్నాయి, పార్లమెంటు ఉంది. ఆడేవాళ్లందరూ తెలుగువాళ్లే గానీ ఎవరు ఎక్కడ కూర్చుని ఆడుతున్నారో ఎవరికీ తెలియదు. అసలు పేరు పెట్టకూడదు. ఒక బొమ్మ, దాని కింద ఒక మారుపేరు, అంతే. పార్టీలు పెట్టుకోవచ్చు, చట్టాలు తేవచ్చు, ఓట్లేయవచ్చు. బడ్జెట్ పెడితే దాని ఫలితమేమిటో ఆట నడిపే నిర్వాహకులు వార్తలాగా రాస్తారు. ఎరువుల సబ్సిడీ తీసేస్తే ఫలానా జిల్లాలో రైతులు రోడ్డెక్కారని వస్తుంది. పన్ను పెంచితే వ్యాపారులు అంగళ్లు మూశారని వస్తుంది. నియమాలు పెద్దగా లేవు. ఉన్నవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక ఖాతా వెనుక ఒకే మనిషి ఉండాలి.

మొదట్లో ఊరికే చూస్తూ కూర్చున్నాను. నా విద్యార్థులు ఏటా ద్రవ్యలోటు గురించి కంఠతా పట్టి రాస్తారు. ప్రభుత్వానికి వచ్చేదాని కంటే పోయేది ఎక్కువైనప్పుడు పడే గుంత అది. పరీక్ష అయిన మరుసటి రోజు అడిగితే ఒక్కరికీ గుర్తుండదు. ఇక్కడేమో ఎవరూ మార్కులు వేయని చోట, ముక్కూ మొహం తెలియని జనం అదే గుంత గురించి పొద్దున లేచింది మొదలు వాదించుకుంటున్నారు. వీళ్లెవరు, వీళ్లకెందుకింత పట్టింపు అన్నది నాకు అంతు పట్టలేదు. ఉండబట్టలేక నేనూ ఒక పెద్ద వ్యాఖ్య రాశాను. అది కొందరికి నచ్చింది. ఒక చిన్న పార్టీవాళ్లు వచ్చి, ఈసారి మా తరఫున మీరే నిలబడాలన్నారు.

ఆ సంగతి నాయనకు ఎలాగో తెలిసిపోయింది. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున పేపరు చదువుతూ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం పాపా, ఎలక్షన్లో నిలబడితివంట. ఏ ఊరినించి?"

"ఊరు కాదు నాయనా, దేశం. అది నిజంగా లేదు, ఆట."

"లేని దేశానికి ఓట్లెవరేస్తారు?"

"ఆడేవాళ్లు."

పేపరు కొంచెం దించి, "ఆడ రైళ్లుండాయా?" అన్నాడు.

ఫోన్ తీసి వెతికాను. ఓడరేవు గురించి రాశారు, విమానాశ్రయం గురించి రాశారు, రైలు మాట ఎక్కడా లేదు. లేవని చెప్పాను. "రైలు లేకుంటే జనం యాడికన్నా ఎట్ల పోతారు?" అని పేపరు తిప్పేశాడు. కానీ ఆ రోజునుంచి సాయంత్రం కాఫీ తాగేటప్పుడు ఆ దేశం కబుర్లు తనే అడిగి చెప్పించుకునేవాడు.

ఎన్నికల్లో ఉన్నది ఒకటే ప్రశ్న. అంతకుముందున్న ప్రభుత్వం అడిగినవాళ్లందరికీ అడిగినవన్నీ ఇచ్చి దిగిపోయింది. లోటు పెరిగింది. అప్పులిచ్చేవాళ్లు వడ్డీ పెంచారని నిర్వాహకులు రాశారు. ఇప్పుడు ఏయే సంస్కరణలు చేయాలి, దేన్ని తగ్గించాలి, ఎంత తొందరగా? నా దారి నిదానమైనది. కొన్నేళ్ల మీద, కొద్దికొద్దిగా, ముందు చెప్పి చేద్దామన్నాను.

నాకు పోటీగా నిలబడిన ఖాతాకు తంగేడు పువ్వు బొమ్మ ఉండేది. ఆ అభ్యర్థి ఏం చెబుతున్నాడో, లేక చెబుతున్నదో, తెలుసుకుందామని రాసినవన్నీ మొదటినుంచి చదివాను. చదివేకొద్దీ వింతగా అనిపించింది. పగలు రాసినవన్నీ ఒక తీరుగా ఉన్నాయి. చిన్న చిన్న వాక్యాలు. అప్పు తేవద్దు, వచ్చినదాంట్లోనే సర్దుకుందాం, కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు. సాయంత్రం తర్వాత రాసినవి పొడుగ్గా, కొంచెం ఆవేశంగా ఉన్నాయి. ప్రతి జిల్లాకూ ఆస్పత్రి కట్టాలి, దానికోసం అప్పు తెచ్చినా తప్పులేదు. రెండూ ఒకే పువ్వు కింద ఉన్నాయి. పగటి మాట నచ్చినవాళ్లు పగలు మెచ్చుకుంటున్నారు, సాయంత్రపు మాట నచ్చినవాళ్లు సాయంత్రం మెచ్చుకుంటున్నారు. రెండూ కలిపి చదివినవాళ్లు లేనట్టున్నారు.

ఇదెవరో ఆరితేరిన రాజకీయనాయకుడు, ఎవరికి కావలసింది వాళ్లకు వడ్డిస్తున్నాడని నేను తీర్మానించుకున్నాను. నాయన అలా అనుకోలేదు. "మధ్యాన్నం అన్నం తిని పండుకోని లేస్తే మనసు మారుతుందేమో ఆయప్పకు. మా డిపోలో అట్లాంటోడు ఒకడుండె" అన్నాడు.

ఓట్లకు ముందు అభ్యర్థుల చర్చ ఉంటుంది. రాత కాదు, గొంతుతోనే మాట్లాడాలి. ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. నేను గదిలో ఫ్యాన్ ఆపేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే, నాయన కుర్చీ లాక్కుని ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "నాకు ఇనిపించేటట్ల పెట్టు" అన్నాడు. ఇయర్‌ఫోన్స్ తీసి స్పీకరు పెట్టాను.

మధ్యవర్తిగా ఉన్నాయన గల్ఫ్‌లో ఎక్కడో ఉద్యోగం చేస్తానని చెప్పుకునే మనిషి. గొంతు చాలా నెమ్మది. మొదట నన్ను మాట్లాడమన్నాడు. నేను కాలేజీలో చెప్పినట్టే చెప్పాను, కొంచెం ఎక్కువసేపే చెప్పాను. తర్వాత తంగేడు పువ్వు వంతు వచ్చింది. ఆడమనిషి గొంతు పలికింది. అంతవరకూ నా ఊహలో ఉన్నది మగవాడే.

"అందరికీ నమస్కారం. లోటంటే పెద్ద మాటలేం వద్దు. దుడ్లు లేనప్పుడు లేవని చెప్పాల. అప్పు తెచ్చి పంచేది గొప్పతనం కాదు. మన తర్వాత వచ్చేవాళ్ల నెత్తిన పెట్టి పోతాండాం" అంది.

ఆ యాస వినగానే నాయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఈయమ్మ మనవైపు మనిషే" అని ఆయన గుసగుసగా అన్నాడు.

ఒకరినొకరు ప్రశ్నలు అడిగే వంతు వచ్చింది. నేను దాచుకున్న ప్రశ్న అడిగాను. "మీరు నిన్న సాయంత్రం ప్రతి జిల్లాకూ ఆస్పత్రి కట్టడానికి అప్పు తెద్దామని రాశారు. ఇప్పుడు అప్పే వద్దంటున్నారు. ఈ రెండింటిలో ఏది మీ మాట?"

అవతలినుంచి కుక్కర్ విజిల్ ఒకటి వినిపించింది. ఆ తర్వాత, కొంచెం దూరం నుంచి, మగ గొంతు.

"ఫోన్ ఇట్లియ్యి, నేను చెప్తా."

"నువ్వు గమ్మునుండు, నేను మాట్లాడ్తాండా కదా."

"రాసింది నేను కదా, నేనే చెప్పాల."

ఫోన్ చేతులు మారింది. "ఆస్పత్రి సంగతి రాసింది నేనండి" అన్నాడతను. "నేను ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తా. మిషన్‌లో చిన్న సామాను పోతే కొనేదానికి నెలలు పడతాది. దానిమీద గుడ్డ కప్పి పెట్టుకుంటాం. ఖర్చు పెట్టలేదు కాబట్టి మిగిలిందని కాగితంలో రాసుకుంటే సరిపాయెనా? పరీక్ష చేయించుకోకుండా ఎనక్కి పోయిన మనిషిని ఏ లెక్కలో రాస్తారు?"

ఆమె ఆగలేదు. "ఆ మిషన్‌కని అప్పు తెస్తే కట్టేదెవరు? ఇంకా పుట్టని పిల్లోళ్లు."

"ఆ పిల్లోళ్లు పుట్టేదానికే కదా నేను ఆస్పత్రి అడుగుతాండా."

నాయన పకపకా నవ్వాడు. నేను మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. నాకూ నవ్వొచ్చింది, కానీ అంతకంటే ఎక్కువగా ఇంకా వినాలనిపించింది. వాళ్లిద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. విద్యుత్ సబ్సిడీ నుంచి బడి భోజనం దాకా, ఒక్కొక్కటీ తీసి వాదించుకున్నారు. ఆమె ఏది తగ్గించమన్నా దాని కింద ఉండే మనిషిని అతను చూపించాడు. అతను ఏది ఇస్తానన్నా అది ఎక్కడినుంచి వస్తుందో చెప్పమని ఆమె అడిగింది. వింటున్న వాళ్లెవరూ మధ్యలో మాట్లాడలేదు. నేను చదివిన పుస్తకాల్లో ఈ రెండు వాదాలూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. ఇలా ఎదురెదురుగా, పొయ్యి మీద కూడు ఉడుకుతుండగా, నేను ఎప్పుడూ వినలేదు.

చివరికి మధ్యవర్తి గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట. ఈ ఖాతాలో ఇద్దరున్నారా?"

"ఉండాం సార్" అన్నదామె.

చర్చ అక్కడితో ఆపేశారు. నియమం ప్రకారం ఆ ఖాతాను తీసేయాలి, అప్పుడు పోటీ లేకుండా నేనే ప్రధానిని. కానీ వెంటనే తీసేయకుండా, సభ్యులందరి అభిప్రాయం కనుక్కుని వచ్చే ఆదివారం తేలుస్తామని నిర్వాహకులు ప్రకటించారు. నా అభిప్రాయం కూడా రాసిమ్మన్నారు.

సాయంత్రం తంగేడు పువ్వు నుంచి నాకు సందేశం వచ్చింది. "మేడం, మోసం చేయాలని కాదు. మాది హిందూపురం. మీ మాట తీరు చూస్తే మీరూ ఈ పక్కోళ్లే అనుకుంటిమి." నేను ధర్మవరమని రాశాను. దేశం నలుమూలలా, దేశం బయటా ఉన్న జనంలోంచి వచ్చి ఎదురెదురుగా నిలబడినవాళ్లం ఒకే రైలు దారిలో ఉన్నాం. కలుద్దామా అని నేనే అడిగాను. మధ్యలో ఉంటుందని పెనుకొండ అనుకున్నాం.

నాయన వస్తానన్నాడు గానీ ఎండకు వద్దని ఆపాను. పెనుకొండ బస్టాండు దగ్గర హోటల్లో వాళ్లు ముందే వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ నాకంటే కొంచెం చిన్నవాళ్లు. అతను సన్నగా, మాట మాటకూ కళ్లజోడు సర్దుకుంటూ ఉన్నాడు. ఆమె నన్ను చూడగానే లేచి నిలబడి, "రా అక్కా, ఉగ్గాని చెప్పినాం, తింటావు కదా" అంది. సందేశంలో మేడం, ఎదుట పడగానే అక్క. ఆమె పుట్టిల్లు గౌరిబిదనూరు పక్క పల్లెటూరు, హిందూపురంలో విత్తనాల అంగడి చూసుకుంటుంది. రైతులు పొద్దున్నే వచ్చి పోతారు, మధ్యాహ్నానికి అంగడి ఖాళీ.

బొరుగుల ఉగ్గాని తింటూనే నేను అడగాలనుకున్నది అడిగేశాను. అసలు ఇది ఎలా మొదలైంది?

"ఖాతా నాదే" అన్నాడతను. "నా ఫోన్ పాడైతే రెండు దినాలు ఈయమ్మ ఫోన్లో చూస్తి. దాంట్లోంచి లాగౌట్ చేయడం మర్చిపోతి."

"ఒక రోజు అంగట్లో కూర్చోని చూస్తి అక్కా" అందామె. "ఈయన ఏందో రాసినాడు, ఎవరో ఎదురు అడిగినారు. జవాబు తప్పుగా తోచె. నేనే రాసేస్తి. రాసినాక భయమేసె, ఇంటికొచ్చి ఏమంటాడో అని."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. చదివినాడు. దానికింద ఇంకోటి రాసి పండుకున్నాడు."

అలా మొదలైంది. మధ్యాహ్నం ఆమె రాసేది, సాయంత్రం ఆయన చదివి బదులు రాసేవాడు. ఓటర్ల కోసం రాసినట్టే ఉండేది గానీ అది ఒకరికొకరు రాసుకున్నది. ఇంట్లో ఆ ఊసే ఎత్తేవాళ్లు కాదట.

"ఎందుకు ఎత్తలేదు?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఇంట్లో అడిగితే కొట్లాట అయితాది అక్కా. వంట సంగతి, వాళ్లమ్మ సంగతి, నా తమ్ముని సంగతి, అన్నీ దాంట్లోకొస్తాయి. ఆడ రాస్తే ఆ దేశం సంగతే. నేను చెప్పింది పూర్తిగా చదువుతాడు. ఇంట్లో అయితే సగంలోనే లేచి పోతాడు."

"నేనేం లేచి పోను" అన్నాడతను.

"పోతావు."

అతను కళ్లజోడు సర్దుకుని, "పోతాలే" అన్నాడు.

తిన్నాక గగన్ మహల్ వైపు నడిచాం. ఒకప్పుడు రాజులు ఉండి పాలించిన మేడ అది. లోపల చల్లగా ఉంటుందని ఆమె ఒక గోడకు ఆనుకుని కూర్చుంది. అతను ఇప్పుడు ఏమవుతుందో అని అడుగుతూనే ఉన్నాడు. తీసేస్తారా, తీసేస్తే ఏం చేయాలి. ఆమెకు ఆ బెంగ ఉన్నట్టు లేదు. రాజుల కాలంలో కూడా లోటు ఉండేదా అక్కా, ఉంటే ఎవరు అడిగేవాళ్లు అని నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఎకనామిక్స్ చదివినంత కాలమూ, ఇంటి పక్కనున్న ఊరి గురించి నాకు ఆ ప్రశ్న రాలేదు.

తిరిగి ధర్మవరం బస్సు ఎక్కేటప్పుడు, మీరు గెలిస్తే ఆస్పత్రులు మర్చిపోవద్దు మేడం అని అతను, మర్చిపోయినా పర్వాలేదులే అక్కా అని ఆమె చెప్పారు.

ఇంట్లో నాయన ఎదురుచూస్తున్నాడు. అంతా పూసగుచ్చినట్టు చెప్పించుకున్నాడు. మొగుడూ పెళ్లాలని విన్నాక నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను కాఫీ తెచ్చిస్తే అందుకుని అన్నాడు.

"మీయమ్మ ఓటెవరికేస్తాండెనో నాకు ఇప్పటికీ తెలీదు పాపా."

అమ్మ పోయి చాలా కాలమైంది. ప్రతి ఎన్నికలకూ ఇద్దరూ కలిసే పోలింగ్ బూత్‌కు పోయేవాళ్లు. అమ్మ కొత్త చీర కట్టుకునేది. నాకు బాగా గుర్తు.

"ఎప్పుడూ అడగలేదా?"

"నేనెవరికేస్తే ఆయమ్మా వానికే అనుకుంటి. అడగాలని తోచలేదు. ఇప్పుడు తోస్తాండాది." కాఫీ ఊదుకున్నాడు. "నీకేమన్నా చెప్పిందా?"

నాకూ చెప్పలేదు. ఆ సాయంత్రమంతా ఇద్దరం కూర్చుని అమ్మ ఎవరికి వేసి ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాం. ఆమె పేపర్లో ఏం చదివేది, రేడియోలో ఎవరి మాట వచ్చినప్పుడు సౌండు పెంచేది, ఎవరిని చూస్తే మూతి ముడిచేది. నాయనకు ఒకటి గుర్తొస్తే నాకు దానికి ఎదురుది గుర్తొచ్చేది. ఒక పక్షానికి అనుకున్నాం, కాదు ఇంకో పక్షానికనుకున్నాం. తేలలేదు. ఇన్నేళ్లలో అమ్మ గురించి అంతసేపు మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

మర్నాడు నేను నిర్వాహకులకు నా అభిప్రాయం రాశాను. ఒక ఖాతాలో ఇద్దరుండటం తప్పే. కాబట్టి రెండో మనిషికి రెండో ఖాతా ఇవ్వండి, ఎన్నిక కొద్దిరోజులు ఆపండి, ముగ్గురం పోటీ చేస్తాం అన్నాను. కొందరికి కోపమొచ్చింది. గెలిచే ఎన్నికను చేతులారా పోగొట్టుకుంటున్నావని నా పార్టీవాళ్లే అన్నారు. ఒకాయన, నియమం తప్పినవాళ్లకు బహుమానమా, ఇలాంటి మెత్తదనంతోనే లోటు పెరుగుతుందని రాశాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది, నేను కాదనలేదు. కానీ ఆ చర్చ విన్నవాళ్లలో చాలామందికి అది మళ్లీ వినాలని ఉంది. సభ్యులు ఓట్లేసుకుని సరేనన్నారు.

తంగేడు పువ్వు అతనికే మిగిలింది. ఆమె అంగట్లో ఉన్న చెనిక్కాయ విత్తనాల సంచిని ఫోటో తీసి పెట్టుకుంది. రెండో చర్చ మొదటిదానంత బాగా జరగలేదు. వేర్వేరు గదుల్లో కూర్చుని మర్యాదగా మాట్లాడారు. అయినా ఆమె మాట జనానికి పట్టింది. ఓట్లు లెక్కపెడితే ఆమె ముందు, నేను తర్వాత, అతను చివర. అయితే ఆమెకు ఒంటరిగా ప్రభుత్వం నడిపేంత బలం రాలేదు. ఫోన్ చేసి, "అక్కా, నువ్వు ఆర్థికమంత్రిగా రా, నాకి లెక్కలు భయం" అంది. లెక్కలంటే ఆమెకు భయం లేదని నాకు తెలుసు. ఒప్పుకున్నాను. అతను ప్రతిపక్షంలో కూర్చున్నాడు.

మొదటి బడ్జెట్ నేనూ ఆమే రాశాం. చాలావాటికి కోత పెట్టాం. ఆస్పత్రుల్లో పాడైన మిషన్లు బాగుచేయడానికి మాత్రం విడిగా కేటాయించాం. అది ఎవరి ఆలోచన అని నేను అడిగితే ఆమె జవాబు చెప్పకుండా వేరే మాటలోకి వెళ్లింది. ఆటలో ఏడాది కొద్దిరోజుల్లోనే తిరిగిపోతుంది; ఆ ఏడు వానలు పడలేదని నిర్వాహకులు రాశారు. లోటు మేమనుకున్నంత తగ్గలేదు. సభలో అతను మమ్మల్ని నిలదీశాడు. మా పద్దుల్లో తప్పొకటి పట్టుకున్నాడు కూడా. అది దిద్దుకున్నాం.

కాలేజీ మళ్లీ తెరిచారు. ఒక ఉదయం క్లాసుకు బయలుదేరుతుంటే ఆమె అంగట్లోంచి ఫోన్ చేసింది. వెనుక ఎవరో రైతు పురుగుమందు సంగతి అడుగుతున్నాడు.

"అక్కా, చౌకధరకు ధాన్యం ఇస్తామని రాస్తిమి కదా. మన దేశంలో జనం ఏం తింటారు?"

ఓడరేవు, పన్నులు, వడ్డీ, అన్నీ రాసుకున్నాం. వాళ్లేం తింటారో ఎవరమూ అనుకోలేదు. బియ్యమని రాస్తే నీళ్లు చాలవు, కొండ జిల్లాల్లో పండదు. రాగులంటే సముద్రం పక్కవాళ్లు తింటారో లేదో. ఇద్దరం కాసేపు ఆ జనాన్ని ఒక్కొక్క జిల్లాగా కూర్చోబెట్టి వడ్డించి చూశాం. చివరికి కొండల్లో రాగులు, తీరాన బియ్యం అని ఒక మాట అనుకున్నాం.

"కొర్రలు కూడా పెట్టండి" అన్న మగ గొంతు వెనుకనుంచి వినిపించింది. ఆ రోజు అతనికి సెలవట, అంగట్లోనే ఉన్నాడు.

"ఏంటికి?" అని ఆమె ఫోన్ పక్కకు పెట్టి అతన్ని అడిగింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. నాకు బస్సు టైమవుతోంది, అయినా ఫోన్ పెట్టేయకుండా గుమ్మంలో నిలబడి విన్నాను.